ఆకుపచ్చ రంగు వేసింది నేనే

చిన్న కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, "మీ సర్వీసులో బాగా గర్వపడ్డ రోజు ఏది సార్?" అని. అలాంటివి కొన్ని ఉన్నాయి. వాటి గురించి అవసరానికి మించే మాట్లాడాను, మా ఇంట్లో వాళ్ళు సాక్ష్యం చెబుతారు. బాగా భయపడ్డ రోజు ఏదని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ రోజు గురించి చెబుతాను. ఆ భయానికి కారణం యంత్రమూ కాదు, దేవుడూ కాదు. నేను.

ప్రభుత్వ కర్మాగారంలో తనిఖీ విభాగంలో ముప్పై రెండేళ్ళు చేసి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చోలేక నాచారం పారిశ్రామికవాడలో ఒక షెడ్డులో నడిచే కంపెనీలో చేరాను. రాకెట్ల కంపెనీ అంటే చుట్టాల్లో సగం మంది ఆకాశం వైపు చూసేవారు, మిగతా సగం మంది దీపావళి సామాన్ల ధర అడిగేవారు. మాది ఆ రెండూ కాదు. సరదా కోసమో చదువు కోసమో రాకెట్లు కట్టుకునే వాళ్ళుంటారు. ఎక్కువగా ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు. మనిషి ఎత్తున్న రాకెట్ ఒక కిలోమీటరు పైకి పోయి, పారాచూట్ విప్పుకుని కిందికి దిగుతుంది. దానికి కావలసిన ముక్కుభాగాలు, రెక్కలు, పారాచూట్లు, మోటారు గొట్టాలు మేం చేసేవాళ్ళం. మొత్తం ఎనిమిది మందిమి. కంపెనీ పెట్టినావిడకు నలభై ఏళ్ళుంటాయి. మంచి ఉద్యోగం వదిలి వచ్చింది. అందరం ఆవిడను మేడం అనేవాళ్ళం. ఆవిడ నన్ను చేర్చుకున్న రోజున "సార్, మీరు ముద్ర వేస్తే నేను మళ్ళీ చూడను" అంది. ఆ మాట నా తలకెక్కింది. అక్కడే కూర్చుంది.

ఈ కథలో మీరు తెలుసుకోవలసిన వస్తువు ఒక్కటే, మోటారు మూత. మోటారంటే ఇంధనం నింపిన అల్యూమినియం గొట్టం. కింద మంట బయటికొచ్చే రంధ్రం, పైన మరలతో బిగించే మూత. మూత అరచేతిలో ఇమిడిపోతుంది. మండేటప్పుడు లోపల పుట్టే ఒత్తిడిని పైవైపు ఆపేది అదే. అది నిలబడితే రాకెట్ లేస్తుంది. ఊడితే లేచేది రాకెట్ కాదు, ముక్కలు. అవి ఏ వైపు పోతాయో ఎవరూ చెప్పలేరు.

ఆ మూతల్ని గట్టిరకం అల్యూమినియం కడ్డీల నుంచి తీసేవాళ్ళం. మెత్తరకం కడ్డీలు కూడా మా దగ్గర ఉండేవి, కాలేజీల వాళ్ళకు ఇచ్చే జ్ఞాపికలు చేయడానికి. కంటికి రెండూ ఒకటే. అందుకే గట్టిదానికి చివర ఆకుపచ్చ రంగు, మెత్తదానికి ఎరుపు రంగు పూస్తాం. కోసేటప్పుడు రంగు లేని వైపు నుంచే కోయాలి. చివరి ముక్క మిగిలినా దాని మీద రంగు ఉంటుంది. ఈ నియమం షెడ్డులో పెట్టింది నేనే. ఎవరైనా తప్పితే అందరి ముందూ నిలబెట్టి పాఠం చెప్పేవాణ్ణి.

ఆ ఏడు ఆయుధ పూజకు మేడం ఎవరో పెద్దవాళ్ళను పిలిచింది. షెడ్డు మెరిసిపోవాలని నాకు పట్టుదల వచ్చింది. యంత్రాలు కడిగించాను, గోడలకు సున్నం వేయించాను. చివరికి కడ్డీలు పెట్టే అరమీద నా కన్ను పడింది. దుమ్ము, జిడ్డు, ఎప్పటివో రంగు చారలు. థిన్నర్లో గుడ్డ ముంచి తుడవడం మొదలుపెట్టాను.

లేత్ మిషన్ మీద పనిచేసే టర్నర్ అటుగా వచ్చాడు. నాచారంలోనే పుట్టి పెరిగిన మనిషి, షెడ్డులో అందరికీ అన్న. నాకు మాత్రం "ఏమయ్యా".

"సార్, గవి ఎందుకు తుడుస్తున్నరు? పూజ మిషన్లకు గానీ కడ్డీలకా?"

"శుభ్రంగా ఉంటే లక్ష్మి వస్తుందయ్యా."

"లక్ష్మి వస్తది. రంగు పోతది."

"ఏది ఏదో నాకు తెలుసు. రేపు మళ్ళీ నేనే వేస్తాను."

అతను నవ్వి వెళ్ళిపోయాడు. పొడవాటి కడ్డీల మీద తయారీవాళ్ళ అచ్చు ఉంటుంది, వాటితో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా రెండు మిగులు ముక్కలతో వచ్చింది. ఒకే లావు, ఒకే పొడవు, ఏ అచ్చూ లేదు. ఎడమ చేతి వైపు పెట్టింది గట్టిదని నాకు గుర్తు. ఎవరో కడగడానికి నీళ్ళ బకెట్ తెచ్చి, వాటిని కాస్త పక్కకు జరిపారు. అప్పుడు ఏది ఎడమో నాకు తెలియలేదు.

గట్టిదనం కొలిచే యంత్రం మా దగ్గరుంది. అర నిమిషం పని. కానీ అప్పటికే దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. పూజకు అలంకరించిన యంత్రాన్ని దసరా దాటేదాకా ముట్టుకోకూడదని మా షెడ్డులో ఆచారం. అది కూడా నేను గట్టిగా పాటించేదే. పండుగ అయ్యాక చూద్దాం, మర్చిపోకుండా ముందు రంగు వేసేద్దాం అనుకున్నాను. ఒక ముక్కకు ఆకుపచ్చ వేశాను, రెండోదానికి ఎరుపు. రంగు ఆరిపోయింది. ఆరిన రంగును చూస్తే అనుమానం కూడా ఆరిపోతుందని అప్పుడు తెలిసింది. పండుగ తర్వాత నేను ఆ ముక్కల్ని కొలవలేదు.

పది రోజులకు ఒక కాలేజీ పిల్లల కోసం మూతలు చేశాం. మొత్తం పది. ఏడు కొత్త కడ్డీ నుంచి, మూడు ఆ ఆకుపచ్చ ముక్క నుంచి. ఆ ముక్క లేత్ మీద ఉండగా టర్నర్ నన్ను పిలిచాడు.

"సార్, ఇది జర మెత్తగున్నట్టుంది. పొట్టు తీగలు తీగలుగ వస్తున్నది, టూల్‌కు అతుక్కుంటున్నది."

గట్టిరకం అల్యూమినియం చెక్కితే పొట్టు చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది. అది నాకూ తెలుసు. కానీ అందరూ వింటున్నారు.

"ఆకుపచ్చ రంగు వేసింది నేను. నీకంటే ఎక్కువ కడ్డీలు చూశాను. నీ టూల్ అరిగి ఉంటుంది, సాన పట్టుకో."

అతను "సరే సార్" అన్నాడు. ఆ "సరే"లో ఏముందో వినిపించుకునే ఓపిక నాకు లేదు.

ప్రతి పది మూతల్లో ఒకదాన్ని నీటి ఒత్తిడితో పరీక్షిస్తాం. చేతిపంపు కొట్టి కొట్టి రెక్కలు నొప్పి పుడతాయి, అందుకే ఒక్కటి. నేను తీసింది మంచి మూతే అయింది. నిలబడింది. పదింటి మీదా నా ముద్ర వేశాను. వాటిలో మూడింటిని పిల్లలకు పంపాం, ఒకటి వాడుకోవడానికి, రెండు అదనం. ఏడు అరమీద పెట్టాం.

ఆ పిల్లలు రాకెట్ ఎగరేసే రోజు శనివారం. పొద్దున పదిన్నరకు నేను లేత్ పక్కనుంచి టీ తాగుతూ పోతున్నాను. టర్నర్ ఎర్ర రంగు ముక్క నుంచి జ్ఞాపిక చేస్తున్నాడు. కాలికింద ఏదో పటుక్కుమంది. వంగి తీసి చూస్తే పొట్టు. గోరంత ముక్క. నేల నిండా అవే. మెత్తరకమైతే తీగల్లా రావాలి. టర్నర్ నా చేతిలోని పొట్టును చూశాడు, నా మొహం చూశాడు, మళ్ళీ మిషన్ వైపు తిరిగాడు.

అరమీది ఏడు మూతలూ తీసుకెళ్ళి గట్టిదనం కొలిచే యంత్రం కింద పెట్టాను. ఐదు బాగున్నాయి. రెండింటి దగ్గర ముల్లు సగం దూరం కూడా పోలేదు. మెత్తవి మూడు చేశాం. ఇక్కడ రెండే ఉన్నాయి.

మూడోది పిల్లల దగ్గర ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకు ప్రయోగం.

నేను చేయవలసింది ఇప్పుడు మీకు ఎంత తేలికగా తోస్తుందో నాకు తెలుసు. జేబులో ఫోనుంది. జట్టు నాయకురాలి నంబరుంది. మూడో ఏడు చదివే అమ్మాయి, కొలతల కోసం ఎన్నోసార్లు మాట్లాడింది. "అమ్మా, ఆ మూతలు వాడొద్దు" అంటే చాలు. నంబరు తీశాను. తర్వాత ఆమె "ఎందుకు?" అంటుంది. ఏదో చెప్పాలి. మేడం బెంగళూరులో ఉంది, ఆవిడకు తెలుస్తుంది. ముప్పై రెండేళ్ళ తనిఖీదారు అనుమానం ఉన్న కడ్డీ మీద అందాజుగా రంగు పూశాడని ఈ షెడ్డంతా తెలుస్తుంది. ఫోను జేబులో పెట్టేశాను. ఒంటిగంట దాకా దాన్ని తీస్తూ, పెడుతూ గడిపాను.

ఇంకో ఆలోచన వచ్చింది, సిగ్గుతో చెబుతున్నాను. నేనే వెళ్తే? మంచి మూత ఒకటి సంచిలో వేసుకుని, చూడ్డానికి వచ్చినట్టు వెళ్ళి, మాటల్లో పెట్టి మార్చేస్తే? ప్రమాదమూ తప్పుతుంది, పరువూ ఉంటుంది.

"పన్ను నొప్పిగా ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను" అని చెప్పి స్కూటరు తీశాను.

ఆ స్థలం ఘట్‌కేసర్ దాటాక. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బండ్లు కదలడం లేదు. మెట్రో స్తంభాల నీడలో నిలబడి, మూడింట ఒకటి కదా అని లెక్క వేసుకున్నాను. రెండు వంతులు క్షేమం. హెల్మెట్లో నా ఊపిరి నాకే వేడిగా తగులుతోంది. ఆ మూడింట్లో మెత్తది అదనపు డబ్బాలోనే ఉండిపోవచ్చు. ఒకవేళ పెట్టినా నిలబడవచ్చు. బోడుప్పల్ దగ్గర మా ఇంటి మలుపు వచ్చింది. తిరిగిపోయి, నత్త గుల్లలోకి పోయినట్టు నా గదిలోకి పోయి, సాయంత్రం వార్త వినొచ్చనిపించింది. మలుపు దాటేదాకా ఇండికేటర్ వేసే ఉంచాను.

నేను చేరేసరికి రెండూ యాభై. చుట్టూ తాడు కట్టారు, పిల్లలు ఓ నలభై మంది, కెమెరాలు, ఎండ. దూరంగా ఇనుప పట్టా మీద నిలబెట్టిన తెల్ల రాకెట్. నాయకురాలు నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది.

"అంకుల్! మీరొస్తరనుకోలే! అరే, మన మూతలు చేసిన అంకుల్ వచ్చిన్రు చూడుండ్రి!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నా నోరు కుట్టేశాయి.

"మోటారు బిగించేశారా అమ్మా? ఒక్కసారి మూత చూద్దామని."

"బిగించినం అంకుల్. ఇప్పుడు విప్పితే మళ్ళ మొత్తం మొదటి నుంచి జెయ్యాలె, మూడున్నర దాకనే పర్మిషన్ ఉన్నది. ఎందుకు, ఏమన్న ప్రాబ్లమా?"

నా చేత నిజం చెప్పించడానికి దేవుడు ఇంతకంటే తేలికైన ప్రశ్న అడిగించలేడు.

"ఏం లేదమ్మా," అన్నాను.

ఆమె నవ్వి, రాకెట్ దగ్గరికి నడిచి వెళ్ళింది. లోపలి పరికరాలను ఆన్ చేసేది ఆమే. రాకెట్ మీదికి వంగి, చెంప ఆనించినంత దగ్గరగా చెవి పెట్టి బీప్ శబ్దం వింటోంది. పక్కకు వెళ్ళి టర్నర్‌కు ఫోన్ చేశాను.

"ఏంది సార్, పన్ను పీకిన్రా?"

"ఆ రోజు మెత్తగా ఉందన్నావే, ఆ ముక్క నుంచి చేసిన మూతలు... గుర్తుపట్టే వీలుందా?"

అటువైపు మిషన్ ఆగిన చప్పుడు.

"యాడున్నరు సార్?"

"గ్రౌండ్‌లో."

"లోపలి దిక్కు అంచుకు పంచ్‌తోని చిన్న చుక్క పెట్టిన. మూడిటికీ పెట్టిన. చూడుండ్రి, జల్ది చూడుండ్రి."

ఎందుకు పెట్టావని అడగలేదు. నాతో ఎందుకు చెప్పలేదనీ అడగలేదు. పిల్లల సామాన్ల బల్ల మీద మా డబ్బా ఉంది. మూత తీశాను. స్పాంజి గుంటల్లో రెండు మూతలు, మధ్య గుంట ఖాళీ. మొదటిది తిప్పి లోపలి అంచు వెంట వేలు నడిపాను. నున్నగా ఉంది. రెండోది తీశాను. ఇందులో చుక్క ఉంటే చాలు అని ఎన్నడూ మొక్కని దేవుళ్ళకు మొక్కాను. వేలు చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చింది. నున్నగా ఉంది. మరోసారి తిప్పాను. ఎండకు పట్టి చూశాను.

చుక్క ఉన్నది రాకెట్లో ఉంది.

ఆ అమ్మాయి తాడు ఇవతలికి వచ్చి బటన్ పెట్టె దగ్గర నిలబడింది. అందరికంటే ముందు ఆమే. వెనక పిల్లలు గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. టెన్. నైన్.

నేను "ఆపండి" అన్నాను. అన్నాననే అనుకున్నాను, నా పక్కనున్న వాడు కూడా తల తిప్పలేదు. ఎయిట్. సెవెన్. తాడు దాటి మనిషెవరైనా లోపలికొస్తే లెక్క ఆపాలని వాళ్ళ నియమం. తాడు కింద నుంచి దూరి రాకెట్ వైపు నడిచాను. దీన్ని ధైర్యం అనుకోకండి. నోరు తెరిస్తే కారణం చెప్పాలి. కాళ్ళు ఎవరికీ ఏ కారణమూ చెప్పనక్కర్లేదు. ఎదురుగా ఆ తెల్లటి గొట్టం, దాని లోపల నేను ముద్ర వేసిన మూత, నా చెవుల్లో లెక్క. ఫైవ్ అని వినిపించింది. తర్వాత కేకలు. తర్వాత ఏమీ వినిపించలేదు. పేలిపోయానేమో అనుకున్నాను.

ఆమె బటన్ పెట్టెలోంచి తాళం చెవి లాగేసింది. పరుగున వచ్చి నా భుజం పట్టి వెనక్కి లాగింది.

"అంకుల్, మీకేమన్న పిచ్చా? చస్తరు!"

అప్పుడు చెప్పాను. రంగు తుడిచింది, అందాజుగా పూసింది, టర్నర్ చెబితే కసిరింది, పొద్దున కొలిచింది. అంతా చెప్పాను. చెబుతుంటే ఆమె చెయ్యి నా భుజం మీద నుంచి మెల్లగా జారిపోయింది.

"పొద్దున పదిన్నరకే తెల్సా మీకు?"

"తెలుసు."

"మరి ఇంతకుముందు నేను అడిగితే ఏం లేదన్నరు. నేను దానిమీద వంగి ఉన్నప్పుడు మీరు చూస్తనే ఉన్నరు కదా, అంకుల్?"

నిప్పు అంటుకునేదాకా మూత ఏమీ కాదని సమాధానం చెప్పుకోవచ్చు. ఆమె అడిగింది ఆ విషయం కాదు.

రాకెట్ దింపారు. మళ్ళీ కట్టేంత సమయం లేదు. మూడున్నర దాటింది. ఒక ఏడాది పని. ఒకబ్బాయి నేల మీద కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. సాయం చేద్దామని చెయ్యి ముందుకు చాపితే ఆమె చాలా మర్యాదగా, "మీరు ముట్టకుండ్రి అంకుల్," అంది. మోటారు విప్పి మూత చేతిలోకి తీసుకుని, లోపలి అంచు నాకు చూపించింది. ఆవగింజంత చుక్క.

అక్కడి నుంచే మేడంకు ఫోన్ చేశాను. ఆవిడ మొత్తం విని రెండే అడిగింది. "ఎవరికైనా దెబ్బ తగిలిందా? ఇంకేమైనా బయటికి పోయాయా?" రెండింటికీ లేదన్నాను. "సోమవారం ఆ మూడు మూతల్నీ అందరి ముందూ నీటి పరీక్షకు పెట్టండి. పంపు మీరే కొట్టండి," అని పెట్టేసింది.

సోమవారం ఆ అమ్మాయి కూడా వచ్చింది. ఆమె చేతిలోని మూతను టర్నర్ తీసుకుని గొట్టానికి బిగించి, ఇనుప పెట్టెలో పెట్టి తలుపు మూశాడు. అందరూ వెనక్కి జరిగారు. నేను పంపు కొట్టాను. ముల్లు లేస్తోంది. అవసరమైన ఒత్తిడిలో సగానికి కూడా చేరకముందే పెట్టె లోపల గుండె మీద గుద్దినట్టు ఒక దెబ్బ వినిపించింది. తలుపు కీళ్ళు కదిలాయి. తెరిచి చూస్తే మూత లోపలి గోడకు అతుక్కుపోయి ఉంది, మరలు పీకేసిన దారాల్లా వేలాడుతున్నాయి. నీళ్ళతో పరీక్ష కాబట్టి అంతటితో ఆగింది. అదే నిప్పుతో అయితే? ఆ అమ్మాయి ఆ గోడనూ, తను నిలబడిన చోటునూ ఒకసారి చూసుకుంది.

నేను అందరి వైపు తిరిగాను. ఈ ముక్క మెత్తగా ఉందని టర్నర్ మొదటి రోజే చెప్పాడని, నేను అతని నోరు మూయించానని చెప్పాను. అతని వైపు తిరిగి సారీ అన్నాను. "ఏమయ్యా" అని పిలిచే మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

అతను చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"నాకెందుకు సార్ సారీ? చుక్క వెట్టి ఊకున్నోన్ని నేను. మీరు మేడంకు భయపడ్డరు, నేను మీకు భయపడ్డ. ఎవల భయం వాళ్ళం జూసుకున్నం. నడిమిట్ల గీ బిడ్డ నిలబడి ఉన్నదని ఇద్దరికీ యాదికి రాలే."

పెట్టెలోంచి ఊడిన మూత తీసి పక్కన పెట్టి, రెండోది బిగించాడు. తలుపు వేసి, పంపు పిడి నా వైపు తిప్పాడు.

"కొట్టుండ్రి సార్. ఇంకా రెండున్నయ్."